ఇంట్లో ఎవరూ లేరండీ

రోజూ పొద్దున్న ఏడింటికల్లా ఆమె వసతిగృహం మెట్లెక్కేది. చెప్పులు విడిచి, గోడమీది దేవుడి పటానికి ఒక దణ్ణం పెట్టుకుని, తాళంచెవుల బోర్డు తుడవకముందే, ఉతికిన దుప్పట్ల మూట విప్పకముందే రిజిస్టరు తెరిచేది. నిన్న సాయంత్రం తను ఇంటికి వెళ్ళాక ఎవరెవరు దిగారో ఆ పేజీమీద చూపుడువేలు పెట్టి, పైనుంచి కిందిదాకా ఒక్కో పేరూ చదివేది. వేలు అట్టడుగుకు చేరాక ఒక్క క్షణం అక్కడే ఆగేది. తర్వాత రిజిస్టరు మూసి, కొంగు బిగించి పనిలో పడేది.

పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. తన రాతలో తప్పులు వెతుకుతోందేమోనని మేనేజరుకు మొదట్లో అనుమానం.

"నా చేతిరాతంటే అంత ముచ్చటేంటమ్మా నీకు?" అన్నాడొకసారి.

"ముచ్చటా పాడా సార్! ఇంకో ఏడాది మీ రాత చదివితే నేనూ ఎదురింట్లో చీటీ రాయించుకోవాలి," అంది ఆమె.

ఎదురిల్లంటే కంటి ఆసుపత్రి. అందుకే ఆ వీధిలో సగం మంది నల్ల కళ్ళద్దాలతో కనిపిస్తారు. ఒక కంటికి కట్టుతో ఒకరు, వాళ్ళ మోచెయ్యి పట్టుకుని "మెట్టుంది, చూసి" అంటూ ఇంకొకరు. 'చూసి' అనకూడని చోట 'చూసి' అన్నందుకు ఇద్దరూ నవ్వుకోవడం కూడా ఆమె ఎన్నోసార్లు చూసింది. వసతిగృహంలో ఉన్నవి పద్నాలుగు గదులు. కింది గదులు కట్లు విప్పనివాళ్ళకి, పై గదులు మెట్లెక్కగలిగినవాళ్ళకి.

ఆమె వెతికేది ఒకే ఒక్క పేరు. చిన్నప్పుడు తనకు చదువు చెప్పిన పంతులమ్మ పేరు. వయసు మీద పడ్డాక కళ్ళు మసకబారనివాళ్ళెవరు? ఎక్కడివాళ్ళైనా ఏదో ఒకనాడు ఈ వీధికి రావలసిందే. ఆవిడా వస్తుంది. వస్తే ఒక మాట చెప్పాలి. ఈ ఆశ ఎంత పిచ్చిదో ఆమెకు తెలుసు. అయినా పొద్దున్న దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుణ్ణి వేరే ఏదీ అడిగేది కాదు.

వచ్చిపోయేవాళ్ళు ఆమెను 'దయచేయండి అక్క' అనేవాళ్ళు. గుమ్మంలో ఎవరి నీడ పడినా కౌంటరు వెనకనుంచి లేచి నిలబడి, "దయ", అని ఒక రవ్వ ఆగి, వచ్చినవాళ్ళ ముఖం చూసి, "చేయండి" అనేది. కట్టు వెనక ఉన్న కళ్ళకు ఆమె చూపు కనబడదు. కానీ ఆ ఆగడం వాళ్ళకు తెలిసేది. ఎవరో తనకోసం లేచి నిలబడ్డారని తెలిసేది.

దుప్పట్లు తెచ్చే లాండ్రీ అతను మాత్రం మూట దింపుతూ వేళాకోళం చేసేవాడు. "అక్కా, మా ఇంట్లో మా ఆవిడ 'ఇక దయచేయండి' అందంటే చెప్పులేసుకుని బయటపడాలి. నువ్వంటే లోపలికి రావాలి. నేనెట్టా బతికేది?"

"మీ ఆవిడ అనకుండా బతుకు నాయనా," అనేది ఆమె.

ఆ మాటా, ఆ ఆగడమూ ఆమెకు పంతులమ్మ ఇచ్చినవే. ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని పిల్లలందరినీ గుమ్మం దగ్గర బారుగా నిలబెట్టి నేర్పింది. ఆవిడకప్పుడు ముప్పై ఏళ్ళు కూడా లేవు. ఒక ఊచ విరిగిన గొడుగూ, ఎప్పుడూ సుద్దముక్క అంటుకుని ఉండే కుడిచెయ్యీ ఆవిడ గుర్తులు.

"దయచేయండి అంటే ఏమిటర్రా?" అని అడిగింది.

"రండి అనండీ."

"రండి అంటే రండి. ఇది వేరు. మన గడప తొక్కడమే వాళ్ళు మనకు చేసే దయ. పెట్టేవాళ్ళం మనమే అయినా, ఇచ్చేది వాళ్ళు. చెప్పకుండా వచ్చినా అంతే. వచ్చే తిథి చెప్పనివాడు గనకే అతిథి అన్నారు పెద్దలు. దేవుడు కూడా ఫలానా రోజు వస్తానని చెప్పి రాడు కదా!"

బారులో ముందున్న ఈమె చెయ్యెత్తింది. "మా ఇంట్లో ఆ మాట నాన్నే అంటాడండీ. అమ్మ అనదు."

"మరి అమ్మేమంటుంది?"

"పెరటి గుమ్మంలో పక్కింటత్త వస్తే 'రా వదినా' అంటుందండీ. వీధి గుమ్మంలో ఎవరొచ్చినా ఏమీ అనదు. చెంబుతో నీళ్ళు లోపలినుంచి ఇస్తుంది."

"వీధి గుమ్మంలోకి ఆడమనిషి వస్తే?"

పిల్ల కాసేపు ఆలోచించింది. "మా నాన్నకి అతిథులొస్తారండీ. ఆడవాళ్ళొస్తే 'ఎవరో ఆడాళ్ళొచ్చారు' అంటారు."

బారంతా నవ్వింది. పంతులమ్మ నవ్వలేదు. దగ్గరికొచ్చి ఆ పిల్ల తలమీద సుద్దచెయ్యి పెట్టింది. "గడప ఒక్కటే. మగవాళ్ళకి దయచేయండీ, విచ్చేయండీ. ఆడవాళ్ళకి రావే, రా వదినా. మాటలు ఇలా పంచిందెవరో నాకూ తెలీదు తల్లీ. పెద్దమాట ఎవరి సొత్తూ కాదు. ఇంట్లో ఎవరుంటే వాళ్ళది. నీ ఇంటికి నేనొచ్చినప్పుడు నువ్వే అనాలి, ఏం?"

"అంటానండీ," అంది ఆ పిల్ల. దేవుడి గదిలో ప్రమాణం చేసినట్టే అంది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు, ఆడపిల్లలంతా ఒక్కసారి దయచేయమనేసరికి తెల్లబోయి, "వీళ్ళు నమస్కారం పెడితే చాలు కదా టీచరమ్మా" అన్నాడు. పంతులమ్మ "పెడతారు సార్, అది కూడా వచ్చు వాళ్ళకి" అంది.

ఇరవయ్యో ఏట ఆ పిల్ల కాపురానికి వెళ్ళింది. భర్త గడియారాలు బాగుచేసేవాడు. వెన్నలాంటి మనిషి, కానీ నోట్లో నాలుక లేదు. మావగారు వీధిగదిలో కుర్చీ వేసుకుని, వచ్చేవాళ్ళని దయచేయమనేవాడు. అత్తగారు మంచిదే. వేడి అన్నం ముందు కోడలికే వడ్డించేది. అయితే ఆ ఇంట్లో ఆడవాళ్ళకు ఒక పద్ధతుండేది. మగవాళ్ళు లేనప్పుడు ఎవరైనా తలుపు కొడితే తెరవకూడదు. లోపలినుంచే "ఇంట్లో ఎవరూ లేరండీ" అనాలి. అక్కడ ఉన్నదెవరని అడిగేవాళ్ళూ లేరు, అన్నవాళ్ళకు నవ్వూ రాలేదు. తరతరాలుగా ఆ గోడల మధ్య మనుషులు ఉండి కూడా లేరు. మొదటివారంలోనే ఈమెకు అది అలవాటైంది. అన్నం ఉడికిందా లేదా అని మెతుకు పట్టి చూసినంత సహజంగా వచ్చేసేది.

ఒక వేసవి మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. అత్తాకోడళ్ళిద్దరూ తలుపుకు దగ్గరలోనే కూర్చుని పాత బట్టలకు కుట్లు వేస్తున్నారు.

"అమ్మాయి ఉందా అండీ? నేను వాళ్ళ బడి టీచర్ని."

ఆ గొంతు విని ఈమె చేతిలో సూది ఆగిపోయింది. లేవబోయింది. అత్తగారు చెయ్యి పట్టుకుంది, గట్టిగా కాదు, భయంగా. మగవాళ్ళు లేని వేళ తలుపు తెరిస్తే ఎవరేమంటారోనన్న భయం ఆవిడది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఆ క్షణంలో ఈమె నోరు తనంతట తనే తెరుచుకుంది.

"ఇంట్లో ఎవరూ లేరండీ."

బయట గొడుగు మెట్టుకు ఆనించిన చప్పుడు. "అమ్మాయి కూడా లేదా?"

"ఎవరూ లేరండీ."

తనను అడిగితే తను లేనని తనే చెప్పింది. తలుపు సందులోంచి దుమ్ము పట్టిన చీర అంచూ, మెట్టుమీద ఆనించిన గొడుగు కొసా కనబడ్డాయి. పంతులమ్మ మెట్టుమీద కూర్చుని చెప్పులో దూరిన ఇసుక దులుపుకుంది. లేచింది. గొడుగు విప్పిన చప్పుడైంది. అంతే.

ఆ సాయంత్రం అత్తగారు ఏమీ అడక్కుండా టీలో ఒక చెంచా చక్కెర ఎక్కువ వేసి కోడలికిచ్చింది. ఆ మంచితనాన్ని ఈమె ఎప్పుడూ మరచిపోలేదు. దాంతోపాటు తలుపు వెనక తనన్న మాటనీ మరచిపోలేదు.

తర్వాత పుట్టింటికి వెళ్ళినప్పుడు తెలిసింది. పంతులమ్మకు దూరప్రాంతానికి బదిలీ అయిందట. వెళ్ళేముందు రెండు బస్సులు మారి, తనను చూసి, చిరునామా ఇచ్చిపోదామని వచ్చిందట. ఆ చిరునామా ఇక ఎవరి దగ్గరా దొరకలేదు. ఉత్తరాలు మాత్రం ఈమె నాలుగు రాసింది. పంపేచోటు తెలియక నాలుగూ బియ్యం డబ్బా కింద కాగితాలుగా పరిచింది.

మావగారు పోయాక వీధిగది భర్తదైంది. ఎవరైనా వస్తే పాపం ఆయనకు చెమటలు పట్టేవి. తెరవెనక్కి వచ్చి, "ఇదుగో, ఏమనమంటావ్?" అని అడిగేవాడు. "దయచేయండి అనండి" అని ఈమె గుసగుసగా చెప్పేది. ఆయన వెళ్ళి, గొంతు సవరించుకుని, "కూర్చోండి" అనేవాడు. గొంతు ఈమెకుంది, గడప ఆయనకుంది. అలా సర్దుకుపోయారు ఇద్దరూ. తండ్రి దుకాణంలో ఉండగా ఒకరోజు పదమూడేళ్ళ కొడుకు వీధిగదిలోకి ఉరికి, "దయచేయండి, నాన్నగారు వచ్చేస్తారు" అని పెద్దమనిషిలా అన్నాడు. వచ్చినాయన మెచ్చుకున్నాడు. తెరవెనక ఈమె కూడా మురిసిపోయింది. మురిసిపోయాక అర్థమైంది, ఆ మాట అనే హక్కు తాతనుంచి తండ్రికి, తండ్రినుంచి కొడుక్కి, తన తలమీదుగా దాటిపోయిందని.

భర్తకు చూపు మందగించి గడియారాల్లోని చిన్న చిన్న పళ్ళచక్రాలు కనబడటం మానేశాక దుకాణం మూసేశారు. ఈమె కంటి ఆసుపత్రి ఎదుటి వసతిగృహంలో దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరింది. నాలుగోరోజో అయిదోరోజో మేనేజరు టీకి వెళ్ళిన సమయంలో గుమ్మంలో ఒక ముసలాయన నిలబడ్డాడు. రెండు కళ్ళకూ కట్టు. భార్య మూటలు మోస్తూ వెనకబడింది.

"ఎవరైనా ఉన్నారా అండీ?" అన్నాడాయన గాలిలోకి.

పాతమాట నాలుక చివరికి వచ్చేసింది. దాన్ని మింగేసింది. దుప్పటి కిందపెట్టి లేచి నిలబడి, "ఉన్నానండీ. దయ... చేయండి" అంది.

టీ గ్లాసుతో మెట్లెక్కుతున్న మేనేజరు అది విన్నాడు. మర్నాటినుంచి ఆమెను కౌంటరు దగ్గర కూర్చోబెట్టాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోటికోసమే కొందరు మళ్ళీ మళ్ళీ అదే వసతిగృహానికి వచ్చేవాళ్ళు. ఆ రోజునుంచే రిజిస్టరు చదవడమూ మొదలైంది. అయితే జీతానికి అనే మాటా, సొంత గడపమీద అనే మాటా ఒకటి కాదని ఆమెకు తెలుసు. సాయంత్రం ఇంటికెళ్తే మళ్ళీ మామూలే. నాలుగేళ్ళ కిందట భర్త పోయాక గడప పూర్తిగా కొడుకుదైంది. వాడు బస్సు డిపోలో మెకానిక్కు. బంగారం లాంటి పిల్లాడు, పెళ్ళిమాటెత్తితే మాత్రం బస్సు కిందికి దూరిపోతాడు.

మొన్న ఒక సోమవారం, నలభై అయిదేళ్ళ స్త్రీ ఒకామె సంచీ పట్టుకుని ఒక్కతే వచ్చింది. ఎడమకన్ను ఎర్రబడి నీళ్ళు కారుతోంది. ఈమె లేచి అలవాటు ప్రకారం పిలిచింది. వచ్చినామె సంచీ దించకుండా నిలబడిపోయింది.

"ఈ మాట ఇలా అనడం ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"బళ్ళో నేర్పారమ్మా. ఎందుకు?"

"'దయ' అని ఆగి ముఖం చూడటం! మా పెద్దమ్మ మా చిన్నప్పుడు ఇలాగే అనిపించేది. ఆగకుండా అన్నామంటే చుట్టాల్ని మళ్ళీ గుమ్మం బయటికి పంపి మొదటినుంచీ రమ్మనేది. వాళ్ళు తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు."

ఈమె చూపుడువేలు రిజిస్టరు మీదికి వెళ్ళింది. "మీ పెద్దమ్మగారి పేరు?"

ఆమె చెప్పింది. పద్దెనిమిదేళ్ళు ఈమె వేలితో వెతికిన పేరు అది.

"ఉన్నారా?" అని మాత్రం అడగగలిగింది.

"ఉండకేం! డెబ్బై అయిదు. నా దగ్గరే ఉంటుంది. నన్ను తిన్నగా ఉండనివ్వదుగానీ, తను లక్షణంగా ఉంటుంది."

"కళ్ళు బావున్నాయా?"

"ఆవిడ కళ్ళకేం? ఇప్పటికీ సూదిలో దారం తనే ఎక్కిస్తుంది. పాడైంది నా కన్ను. ఆవిడకి పోయింది చెవులండీ. పిడుగు పడ్డా వినబడదు. ఫోనుతో పనే లేదు. ఏం చెప్పాలన్నా పలకమీద రాసి చూపించాల్సిందే. తప్పు రాశామంటే ముందు తప్పు దిద్ది, తర్వాత జవాబు చెబుతుంది."

ఈమెకు నవ్వొచ్చింది, కళ్ళవెంట నీళ్ళూ వచ్చాయి. ఇన్నేళ్ళూ తప్పు ఆసుపత్రి ఎదురుగా కూర్చున్నానన్నమాట! వెనక కట్లతో ముగ్గురు నిలబడి ఉన్నారు. చెప్పవలసిన మాట అక్కడ చెప్పేది కాదు.

"రేపు సాయంత్రం మా ఇంటికి రాగలరా అమ్మా? ఇక్కడికి నాలుగు సందులే."

"ఎల్లుండి పొద్దున్న రైలు. రేపు ఖాళీనే. తప్పకుండా వస్తానక్కా."

ఆ సంగతి విని కొడుకు సంబరపడ్డాడు. "రానీ అమ్మా, నేను చూసుకుంటాలే. ఉతికిన చొక్కా ఉంది."

"నువ్వు వీధిగది చూసుకోనక్కర్లేదు నాన్నా. వంటింట్లో టీ పెట్టు."

"టీయా? నేనా?"

"బస్సు ఇంజను విప్పి బిగిస్తావు. టీ పెట్టలేవా?"

మర్నాడు తలుపు చప్పుడయ్యేసరికి వాడు గరిట పట్టుకున్న చేత్తోనే వంటింట్లోంచి వీధిగదిలోకి వచ్చేశాడు. ఇరవై ఏళ్ళ అలవాటు, కాళ్ళే తీసుకొచ్చాయి. నోరు తెరవబోయి తల్లి ముఖం చూశాడు. వాడికేం అర్థమైందో గానీ, "పాలు పొంగుతున్నాయి" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. పాలు ఇంకా పొయ్యెక్కలేదు. ఇలాంటి చిన్న చిన్న అబద్ధాలు దేవుడు లెక్కలోకి తీసుకోడు.

ఆమె తలుపు రెండు రెక్కలూ తీసింది. కౌంటరు వెనక రోజుకు నలభైసార్లు అనే మాటే, తన గడపమీద అనడం ఇదే మొదటిసారి. "దయ" అంది. ఆగింది. తర్వాతి ముక్క రాలేదు. బయట నిలబడ్డామె కూడా కదల్లేదు. పెద్దమ్మ దగ్గర పెరిగిన పిల్ల కదా, పూర్తి కానిదే లోపలికి రాకూడదని తెలుసు. నవ్వుతూ అలాగే నిలబడింది.

"చేయండి," అంది ఈమె చివరికి, సన్నగా.

గోడమీద మూడు గడియారాలు మూడు వేళలు చూపిస్తున్నాయి. "మా ఆయన పోయాక వీటికి ఎవరూ చెప్పేవాళ్ళు లేరు," అంది ఈమె. వచ్చినామె నవ్వింది. కొడుకు టీ తెచ్చి పెట్టాడు. ఒక గుక్క తాగి, "ఇంట్లో చక్కెరుందా బాబూ?" అంది వచ్చినామె. వాడు నాలుక కరుచుకుని లోపలికి పరుగెత్తాడు.

వాడు వెతుక్కుంటుండగా ఈమె చెప్పింది. వేసవి మధ్యాహ్నం, గొడుగు కొస, అత్తగారి చల్లటి చెయ్యి, తను అన్న మాట, రెండోసారి కూడా అన్న మాట. తక్కువ మాటల్లోనే అయిపోయింది. ముప్పై ఏడేళ్ళు మోసింది ఇంతేనా అని తనకే ఆశ్చర్యం వేసింది.

"ఈ సంగతి పెద్దమ్మ మాకెప్పుడూ చెప్పలేదక్కా," అంది వచ్చినామె నెమ్మదిగా. "ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టిందో లేదో కూడా నాకు తెలీదు. అయినా ఎందుకింత బాధ? రేపు నాతో వచ్చెయ్యండి. ఒకటిన్నర రోజు ప్రయాణం. ఎదురుగా కూర్చుని మీరే రాసి చూపిద్దురుగాని."

రైలు, కిటికీ, పలక పట్టుకున్న సుద్దచెయ్యి, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు కదిలాయి. లేచి పెట్టె సర్దుకోవాలన్నంత ఆత్రం వచ్చింది. ఈమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టి గట్టిగా పట్టుకుంది.

"లేదమ్మా. రెండు బస్సులు మారి వచ్చినావిడ్ని గుమ్మంలోంచి పంపేశాను. చెప్పాపెట్టకుండా వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడితే పాపం ఏం చేస్తుంది, పెద్దమనసుతో రమ్మంటుంది. అలా వద్దు. ముందు తెలియాలి. మీరు నాకొక్క సాయం చెయ్యండి."

"చెప్పండక్కా."

"మీరు వెళ్ళాక, ఆవిడ తీరిగ్గా ఉన్న వేళ చూసి పలకమీద రాయండి. ఆ రోజు తలుపు వెనక మాట్లాడింది మీ పిల్లే, ఇంట్లోనే ఉంది, భయపడింది అని. అంతే, ఇంకేం కలపకండి. నేనేడ్చానని రాయకండి. చదివాక ఒకసారి ఆవిడ ముఖం చూడండి. నొచ్చుకున్నట్టుంటే చెరిపేసి ఊరుకోండి, నాకు కబురు కూడా చేయొద్దు. నొచ్చుకోకపోతే మాత్రం కింద ఇంకొక్క ముక్క రాయండి తల్లీ. ఒక్కసారి వస్తాను, రమ్మంటారా అని అడగండి."